వాగ్దాన వచనం పట్టుకున్నా మనసుకు నెమ్మది లేదంటున్నోళ్లకు ఏం నేర్పాలె?

నర్సంపేట కూడిక:

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మా పక్క ఊర్లల్ల బుధవారం స్త్రీల కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన జరుగుతయి. వచ్చేటోళ్లల్ల ఎక్కువమంది కౌలుకు పత్తి, మిర్చి పెట్టినోళ్లు. గ్రూపు లోన్లు, రోజూ కిస్తు కట్టే గిరిగిరి ఫైనాన్సు, ఊర్లె మిత్తికి తెచ్చిన పైసలు, అన్నీ ఒక్కో ఇంట్లనే ఉంటయి.

డిసెంబర్ 31 రాత్రి ఆరాధనల ప్రతి ఇంటికి ఒక బైబిల్ వచనం అచ్చేసిన వాగ్దాన కార్డు వస్తది. దాన్ని దేవుని మాటగానే గుండెకు హత్తుకుంటరు. ఏడాది మధ్యల పంట పోయినా, ఇంట్ల జబ్బు వచ్చినా ఆ కార్డు దిక్కే చూసి ఏడుస్తరు. "దేవుడు మాట ఇచ్చిండు గదా, మరి ఇదేంది?" అని అడుగుతరు. అడిగినోళ్లకు "నీకు విశ్వాసం తక్కువ" అనే జవాబే దొరుకుతున్నది. అది విన్నంక కొందరు కూడికకు రావుడే మానేస్తున్నరు.

నేను అడిగేది ఇది. ఏ వాగ్దానం మనది, ఏది గాదు అని చదువు తక్కువున్నోళ్లకు ఎట్ల నేర్పాలె? రాత్రి నిద్ర పట్టక లేచి కూసునేటోళ్లకు ఏ ప్రార్థన, ఏ పద్ధతి చెప్పాలె? పాఠం చెప్పే అనుభవం ఉన్నోళ్లు వివరంగ రాయుండ్రి.

వాక్యపాఠం, హన్మకొండ:

వందనాలు అక్కా. మీ దగ్గరి కార్డుల్లో ఎక్కువ కనిపించేది యిర్మీయా 29:11 అయి ఉంటుంది. అక్కడి నుంచే మొదలుపెట్టండి. ఆ వచనాన్ని ఒంటరిగా కాక 28, 29 అధ్యాయాలు రెండూ బిగ్గరగా చదివించండి. అరగంట కన్నా ఎక్కువ పట్టదు.

అది ఒక ఉత్తరం. క్రీ.పూ. 597లో యూదా రాజు యెకొన్యాతో పాటు బబులోనుకు చెరపట్టుకుపోయిన వాళ్లకు యెరూషలేము నుంచి యిర్మీయా రాసి పంపింది. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త గుడిలో జనమందరి ముందు నిలబడి, రెండేళ్లలో రాజు తిరిగొస్తాడు, చెరలోకి పోయిన వాళ్లంతా తిరిగొస్తారు అని ప్రకటించాడు. దేవుడి పేరుమీదే ప్రకటించాడు. వినడానికి ఎంత తియ్యటి మాట! యిర్మీయా కూడా మొదట "ఆమేన్, అట్లాగే జరుగును గాక" అన్నాడు. కానీ అది దేవుడు పంపిన మాట కాదు. హనన్యా ఆ సంవత్సరమే ఏడో నెలలో చనిపోయాడు.

ఆ తర్వాత వచ్చిన అసలు వాగ్దానం ఏమిటి? 29:10లో ఉంది: డెబ్బై ఏళ్లు. 11వ వచనం దాని వెనకాలే వస్తుంది. అంటే "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్న మాట విన్న పెద్దవయసు వాళ్లలో చాలామంది సొంత ఊరు మళ్లీ చూడకుండానే కన్నుమూశారు. మరి వాళ్ల విషయంలో దేవుడు మాట తప్పాడా? తప్పలేదు. ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటుకొని వాటి పండ్లు తినండి, పిల్లల పెండ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోరి ప్రార్థించండి అని 5 నుంచి 7 వచనాల్లో చెప్పాడు. మీరు వెదికితే నేను దొరుకుతాను అని 13లో చెప్పాడు. చెర ముగియక ముందే, చెరలో ఉండగానే వాళ్లకు ఆయన దొరుకుతాడు. ఆ వాగ్దానానికి గుండెకాయ అదే అని నేను నమ్ముతాను.

హనన్యా మాట నమ్మిన వాళ్లకు జరిగే నష్టం మీ కూడికలో విడమరిచి చెప్పండి. రెండేళ్లలో పోతాం అనుకున్నవాడు ఇల్లు కట్టడు, తోట నాటడు. మన దగ్గర కూడా "ఈ సంవత్సరం నీ అప్పు తీరిపోతుందని ప్రభువు చెప్తున్నాడు" అని ఎవరైనా తేదీ పెట్టి ప్రవచిస్తే, విన్నవాళ్లు బ్యాంకుకు పోయి మాట్లాడరు, బంగారం అమ్మాలా వద్దా అని ఆలోచించరు, చూస్తూ కూర్చుంటారు. మిత్తి మాత్రం ఆగదు. ద్వితీయోపదేశకాండము 18:22లో పరీక్ష స్పష్టంగా ఉంది: యెహోవా పేరుతో చెప్పింది జరగకపోతే అది ఆయన చెప్పిన మాట కాదు. తప్పు విన్నవాళ్ల విశ్వాసానిది కాదు, చెప్పినవాడిది. ఈ ఒక్క సంగతి తెలిసినా చాలామంది గుండె మీది బరువు దిగుతుంది.

ఇక ఏది మనది అన్న ప్రశ్న. వచనం చేతికి రాగానే అడగాల్సింది: ఇది ఎవరితో అన్నాడు? జబ్బుపడ్డ హిజ్కియా రాజుకు మరి 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తానన్నది హిజ్కియాకే. అబ్రాహాముకు కొడుకును ఇస్తానన్నది అబ్రాహాముకే, అదీ 75 ఏళ్లప్పుడు బయలుదేరితే 100 ఏళ్లకు ఇస్సాకు పుట్టాడు. ద్వితీయోపదేశకాండము 28లోని పంటల దీవెన ఇశ్రాయేలు జనాంగానికి, ఆ దేశానికి, దేవుడు వాళ్లతో చేసిన ఆ నిబంధనకు (ఒడంబడికకు) చెందినది. దాన్ని నర్సంపేటలో రెండెకరాల పత్తికి నేరుగా అతికించకూడదు. సామెతలు చాలావరకు జీవితం సాధారణంగా ఎలా నడుస్తుందో చెప్పే జ్ఞానం, హామీపత్రాలు కావు. మరి క్రీస్తును నమ్మిన ప్రతి ఒక్కరికీ సూటిగా చెందేవి ఏవి? నేనైతే మొదట వీటిని కంఠస్థం చేయిస్తాను: మత్తయి 28:20, యోహాను 6:37, యోహాను 14:27, రోమా 8:38-39, హెబ్రీ 13:5. వీటిలో ఏదీ వాన మీదా, ధర మీదా ఆధారపడదు. పాత నిబంధన వాగ్దానాలు మనకు సంబంధం లేనివని కాదు. అవన్నీ క్రీస్తులో "అవును" అయ్యాయని 2 కొరింథీ 1:20 చెబుతుంది. అవి ఇచ్చిన దేవుడు ఎలాంటివాడో చూసి ఆయన్ని నమ్ముతాం, వాటిలోని సంవత్సరాల లెక్కను మాత్రం మన ఇంటికి తెచ్చుకోం.

నోటుబుక్కుతో ఒక అభ్యాసం చేయించండి. ఎడమ పేజీలో ఈ వచనం ఏం ఇస్తానంటుందో రాయాలి, కుడి పేజీలో ఏం ఇస్తానని అనలేదో రాయాలి. యెషయా 41:10 తీసుకుంటే ఎడమ పక్క: తోడుంటాడు, బలపరుస్తాడు, సహాయం చేస్తాడు, చెయ్యి పట్టి ఆదుకుంటాడు. కుడి పక్క: ఎప్పుడో చెప్పలేదు, ఏ దారిలోనో చెప్పలేదు, కష్టమే రాదని చెప్పలేదు. రాయడం రానివాళ్లు నోటితో చెబితే పక్కవాళ్లు రాయొచ్చు. కుడి పేజీ నింపుతున్నప్పుడు మొదట కూడికంతా నిశ్శబ్దమైపోతుంది, కొందరికి ఏడుపొస్తుంది. రానివ్వండి. దేవుడు ఇవ్వని మాట కోసం ఆయన మీద అలిగి కూర్చోవడం ఆగేది అక్కడే. ఎడమ పేజీ నిజంగా ఎంత పెద్దదో కనబడేది కూడా ఆ తర్వాతే.

మత్తయి 4లో సాతాను 91వ కీర్తనను ఎత్తి యేసుతో "దూకు" అన్నాడు. వచనం నిజమే, వాడకం తప్పు. పాఠం చెప్పేవాళ్లు ఇది మర్చిపోకూడదు.

ప్రార్థన గుంపు, కరీంనగర్:

రాత్రి నిద్ర గురించి అడిగారు కనుక దానికి నేను రాస్తాను.

ఫిలిప్పీ 4:6-7 అందరికీ నోటికి వచ్చు. కానీ దాన్ని "చింతపడకుడి" దగ్గరే ఆపేస్తాం. అప్పుడది ఓదార్పు కాక మందలింపు అయిపోతుంది. పౌలు చింత మానండి అని ఊరుకోలేదు, ఏం చేయాలో చెప్పాడు: ప్రతి విషయాన్ని, కృతజ్ఞతతో, విన్నపంగా దేవునికి తెలియజేయాలి. పైగా ఆయన ఆ ఉత్తరం రాసింది సంకెళ్లలో ఉండి. తోటి పనివాడైన ఎపఫ్రొదితు చావుకు దగ్గరైనప్పుడు తనకు దుఃఖం మీద దుఃఖం కలిగేదని 2:27లో దాచకుండా రాశాడు. సమాధానం ఉన్న మనిషికి దుఃఖం ఉండదని ఎవరైనా అంటే ఆ వచనం చూపించండి.

పద్ధతి ఇది. రాత్రి అన్నం తినకముందే, అంటే ఏడు, ఏడున్నర మధ్య, పావుగంట కేటాయించమనండి. అర్ధరాత్రి రెండింటికి లేచి చేసే ప్రార్థనకు ఇది ప్రత్యామ్నాయం. ఒక కాగితం మీద ఆరోజు గుండెలో ఉన్న ప్రతి బరువును ఒక్కో వరసలో రాయాలి. "అప్పులు" అని రాయకూడదు. "గ్రూపు లోను కిస్తు 2,150, మంగళవారం కట్టాలి" అని రాయాలి. "పిల్ల చదువు" అని కాదు, "ఇంటర్ ఫీజు రెండో కిస్తు, హాల్ టికెట్ లోపల" అని రాయాలి. పేరులేని భయం ఇల్లంతా నిండుతుంది. పేరు పెడితే అది ఒక వరసలో పడుతుంది. ఒక్కో వరస పక్కన "రేపు నేను చేయగలిగింది" ఏదైనా ఉంటే రాసుకోవాలి, లేకపోతే "నీదే ప్రభువా" అని రాసుకోవాలి. తర్వాత ఒక్కో వరసను ఒక్కసారే, నోరు తెరిచి, దేవునికి చెప్పాలి. చివర ఆరోజు అందిన రెండు మేళ్లకు పేరుపెట్టి వందనాలు చెప్పాలి: ఎవరో పంపిన కూర, బస్సులో దొరికిన సీటు, ఏదైనా సరే. కాగితం మడిచి బైబిల్లో పెట్టి అన్నం తినాలి.

ఎక్కడ చెడుతుంది అంటే, ఒకే సంగతిని పది సార్లు తిప్పి తిప్పి చెప్పినప్పుడు. అది కళ్లు మూసుకుని పడే చింత అవుతుంది. ఒక వరసకు ఒక్కసారి అని గట్టిగా చెప్పండి. ఇంకోటి, ప్రార్థన అయిన వెంటనే గుండె తేలికపడలేదని భయపడతారు. దేవుని సమాధానం హృదయానికీ తలంపులకూ కావలి ఉంటుందని 7వ వచనం అంటుంది. కావలి ఉన్న ఇంటి బయట కుక్కలు మొరగవని కాదు కదా. భయం వచ్చి తలుపు కొట్టొచ్చు, లోపలికి వచ్చి ఇల్లు ఏలకుండా ఉంటే ఆ వాగ్దానం పనిచేస్తున్నట్టే. ఈ అలవాటు కుదరడానికి వారాలు పడుతుంది. 8, 9 వచనాలు కూడా కలిపే నేర్పండి, ఎందుకంటే అక్కడ పౌలు ఏ సంగతుల మీద ధ్యానముంచాలో చెప్పి, "చేయుడి" అంటాడు.

అయినా నడిరాత్రి మెలకువ వస్తే ఫోన్ పట్టుకోవద్దనండి. బాకీల మెసేజీలు, వార్తలు చూస్తే ఇక నిద్ర రాదు. మంచం మీదే వెల్లకిలా పడుకుని 1 పేతురు 5:7ను ఊపిరితో చెప్పుకోవాలి: మెల్లగా పీలుస్తూ "ఆయన నా గురించి చింతిస్తున్నాడు", ఇంకా మెల్లగా వదులుతూ "నా చింత ఆయన మీద వేస్తున్నాను". ఊపిరి వదిలేది పీల్చే దానికన్నా నిడివిగా ఉంటే గుండె దడ తగ్గుతుంది, శరీరాన్ని దేవుడు అట్లా చేశాడు. ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి, మసక వెలుతురులో కుర్చీలో కూర్చుని, నిద్ర ముంచుకొచ్చాకే మళ్లీ పడుకోవాలి.

దుఃఖం మరీ ఎక్కువున్న వాళ్లకు వందనాల కాగితం మొదట ఇవ్వకండి. 13వ కీర్తన ఇవ్వండి. ఆరే వచనాలు. మొదటి రెండు "ఎన్నాళ్లవరకు" అని దేవుణ్ణి నిలదీసేవి, తర్వాతి రెండు అడిగేవి, చివరి రెండు నమ్ముకునేవి. ఆ మూడు మెట్ల మీద సొంత మాటలతో మూడు వాక్యాలు చెప్పించండి. మూడో మెట్టు ఆరోజు ఎక్కలేకపోతే బలవంతం చేయొద్దు. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, అయినా అది ప్రార్థనే, బైబిల్లో చోటున్న ప్రార్థన.

చదవలేని అమ్మలకు 23వ కీర్తన రోజుకో వచనం చొప్పున ఆరు రోజులు నోటికి నేర్పి, ఆదివారం అందరితో కలిపి చెప్పించండి. ఫోన్లో ఆడియో బైబిలు పెట్టుకోవడం మనవళ్లతో చేయించవచ్చు.

ఫాతిమానగర్ విచారణ (కతోలిక సంఘం), ఖాజీపేట:

మా కతోలిక సంప్రదాయంలో పడుకునే ముందు చేసే రాత్రి జపం ఒకటి ఉంది, దాని గురించి ఒక్క మాట. 4, 91, 134 కీర్తనలు, లూకా 2లోని సిమియోను గీతం, 31వ కీర్తనలోని "నీ చేతికి నా ఆత్మను అప్పగించుచున్నాను" అనే మాట ఇందులో వస్తాయి. మాటలు ముందే ఉంటాయి కనుక మనసు ఎండిపోయి సొంత మాట రానివాళ్లకు ఆనుకోవడానికి దొరుకుతుంది. పది నిమిషాలకు మించదు. ఇంట్లో ఇద్దరుంటే చెరో వచనం చొప్పున చదువుకోవచ్చు. ఏ సంఘం వాళ్లైనా వాడుకోవచ్చు, ఈ భాగాలన్నీ బైబిలు మాటలే.

నర్సంపేట కూడిక:

అందరికీ చాలా వందనాలు. ఎడమ పేజీ, కుడి పేజీ మాట మా వాళ్లకు మంచిగ అర్థమైతది.

ఇంకో రెండు అడగాలె. కార్డులు పంచుడే బంద్ చెయ్యమంటరా? పెద్దోళ్లు ఊకోరు. రెండోది, వాగ్దానం నమ్మినంక గోలీలు ఎందుకు అని కొందరు బీపీ, షుగర్ మందులు ఆపుతున్నరు. శుక్రవారం ఉపవాసంల కండ్లు తిరిగి పడుతున్నరు కూడా. వాళ్లకు వాక్యం నుంచే చెప్పాలె, లేకుంటే ఇనరు.

దవాఖాన పరిచర్య, వరంగల్:

ముందు వాక్యం. హిజ్కియాకు దేవుడే స్వయంగా 15 ఏళ్లు ఇస్తానని మాట ఇచ్చాడు. ఆ మాట చేరవేసిన యెషయానే, అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండుకు కట్టండి, అతను బాగుపడతాడు అన్నాడు. యెషయా 38:21 తీసి వేలు పెట్టి చూపించండి. వాగ్దానమూ, మందూ ఒకే నోట వచ్చాయి. పౌలు తిమోతికి కడుపు జబ్బుకు వైద్యం చెప్పాడు (1 తిమోతి 5:23). ఆయన వెంట తిరిగిన లూకా వైద్యుడు (కొలొస్సయి 4:14).

ఇక ఉపవాసం సంగతి జాగ్రత్తగా వినండి. షుగర్ ఉన్నవాళ్లు ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి గోలీ గానీ వేసుకుని తిండి మానితే రక్తంలో చక్కెర 70 కన్నా కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండె దడ, మాట తడబడటం, కండ్లు తిరగడం కనిపిస్తాయి. కూడికలో దీన్ని ఆత్మ పనిగానో, దయ్యం పనిగానో పొరపడే ప్రమాదం ఉంది, ఆ లోపల మనిషి కోమాలోకి పోవచ్చు. స్పృహ ఉంటే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి, 15 నిమిషాలకు తేరుకోకపోతే మళ్లీ ఇవ్వండి, తేరుకున్నాక అన్నం పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. అసలు ఇలాంటి వాళ్లకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, టీబీ మందు వాడేవాళ్లకు ఉపవాసం వద్దని మీరే ముందుగా ప్రకటించాలి. వాళ్లు టీవీ, ఫోను మాని ఆ సమయం ప్రార్థనకు ఇవ్వొచ్చు.

గోలీలు ఆపితే ఏమవుతుంది? బీపీ మందు ఆపితే బయటికి ఏమీ తెలియదు, అందుకే ప్రమాదం. పక్షవాతం వచ్చాకే తెలుస్తుంది. ఫిట్స్ గోలీ ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ విరుచుకుపడతాయి. టీబీ మందు మామూలుగా ఆరు నెలలు, రెండు నెలలకే దగ్గు తగ్గిందని సాక్ష్యం చెప్పి ఆపేస్తే మందుకు లొంగని టీబీ తయారై ఇంట్లో వాళ్లకూ అంటుకుంటుంది. స్వస్థత నిజమైతే పరీక్షలో తేలుతుంది. యేసు కుష్ఠరోగిని బాగుచేసి, పోయి యాజకునికి చూపించుకోమన్నాడు (మత్తయి 8:4). డాక్టరు చూసి ఆపమన్నప్పుడు ఆపుదాం.

మనసు జబ్బు గురించి కూడా రాయాలి, ఎందుకంటే మీరు చెప్పిన ఊర్లలో ఇది ప్రాణం మీది సంగతి. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి పోయి, ఎవరితో మాట్లాడక, "నేను పోతే అందరూ సుఖపడతరు" లాంటి మాటలు అంటుంటే, దాచిన వస్తువులు పంచుతుంటే, అది విశ్వాసలోపం కాదు, వెంటనే చూడాల్సిన స్థితి. పక్కకు కూర్చుండబెట్టుకుని "చచ్చిపోవాలని అనిపిస్తుందా?" అని సూటిగా అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందనే భయం అక్కర్లేదు, అడిగితే మనిషికి ఊపిరి ఆడుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి. ఆ ఇంట్లోని పురుగుమందు డబ్బాలన్నీ ఆరోజే తీసి వేరే ఇంట్లో తాళంలో పెట్టించండి. కోపం వచ్చిన ఆ కొన్ని నిమిషాల్లో చేతికి అందకపోవడమే చాలామందిని బతికిస్తుంది. 14416 టెలి మానస్ నంబరు, ఎప్పుడైనా, తెలుగులో, పైసా ఖర్చు లేకుండా మాట్లాడతారు. వరంగల్ ఎంజీఎం దవాఖానలో మానసిక వైద్య విభాగం ఉంది. ఒకవేళ పురుగుమందు తాగి ఉంటే వాంతి చేయించకండి, ఉప్పునీళ్లు పోయకండి, డబ్బా వెంట తీసుకుని 108లో దవాఖానకు పోవాలి. డిప్రెషన్ గోలీలు పూర్తిగా పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. వారానికే "తగ్గలేదు" అని ఆపేయకుండా మీరు వెంట ఉండండి.

ఏలీయా "నా ప్రాణము తీసికొనుము" అన్నప్పుడు దేవుడు మొదట ఏం చేశాడో 1 రాజులు 19లో చూడండి. ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్లు పంపాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ తినిపించాడు. మాట్లాడింది ఆ తర్వాత.

బరువులు పంచుకునే బ్రదర్, జగిత్యాల:

సిస్టర్‌గారూ, వాగ్దానం నమ్ముడు అంటే చేతులు కట్టుకొని కూసునుడు గాదని చెప్పేతందుకు అపొస్తలుల కార్యములు 27 చదివించుండ్రి. ఓడల 276 మంది. ఒక్క ప్రాణం గూడ పోదని దేవదూత చెప్పిండని పౌలు అందరికీ చెప్పిండు. అదే పౌలు, నావికులు పడవ దించుకొని పారిపోవాలని చూస్తే, వీళ్లు ఓడల ఉంటేనే మీరు బతుకుతరని శతాధిపతికి చెప్పిండు. పద్నాలుగు దినాలు తినలేదు, తినుండ్రి అని రొట్టె విరిచిండు. ఆఖరికి ఓడ పగిలింది, సరుకు పోయింది, మనుషులు పలకలు పట్టుకొని ఒడ్డుకు చేరిండ్రు. మాట నెరవేరింది, ఓడ మిగల్లేదు. మన ఇండ్లల్ల గూడ ఒక్కోసారి ఇట్లనే అయితది.

అప్పుల సంగతి. కూడికల ఇద్దరు ముగ్గురు లెక్క తెలిసినోళ్లు ఆ ఇంటికి పోయి అన్ని కాగితాలు ఒక్కకాడ పెట్టించాలె: ఎవరికి, అసలు ఎంత, మిత్తి ఎంత, ఎప్పటిలోపల. నూటికి నెలకు 3 రూపాయల మిత్తి అంటే ఏడాదికి 36. దాన్ని ముందు తీర్చి, తక్కువ మిత్తి ఉన్న బ్యాంకు అప్పును తర్వాతకు పెట్టాలె. చాలామంది ఇంటిముందుకొచ్చి ఒర్రేటోళ్లకే ముందు కడతరు, అక్కడనే మునుగుతరు. పంట పోయిందని తేలంగనే బ్యాంకుకు పోయి గడువు మార్చమని రాసి ఇయ్యాలె, గడువు దాటినంక గాదు. ఖాళీ ప్రామిసరీ నోటు మీద, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టద్దు.

మైక్రోఫైనాన్స్ వాళ్లు పొద్దున 9 కన్నా ముందట, సాయంత్రం 6 దాటినంక ఫోన్లు చెయ్యద్దని 2022 రిజర్వ్ బ్యాంకు నిబంధనలల్ల ఉంది. ఇంట్ల వచ్చే నెల ఆదాయంల కిస్తులన్నీ కలిపి సగానికి మించద్దని గూడ ఉంది. కంపెనీకి రాసి ఇచ్చినా వినకపోతే రిజర్వ్ బ్యాంకు నంబరు 14448. కోర్టు నోటీసు వస్తే భయపడి దాచుకోవద్దు, 15100కు ఫోన్ చెయ్యుండ్రి, లేకుంటే జిల్లా కోర్టుల న్యాయ సేవాధికార సంస్థకు పోవుండ్రి. 1987 చట్టం ప్రకారం ఆడోళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతోని పనిలేకుండ వకీలు ఉచితం.

కానుకల గురించి గట్టిగ చెప్పాలె. "ఈ కానుక ఇస్తే నీ అప్పు తీరుతది" అని ఎవరన్నా అంటే అది వాగ్దానం గాదు. మిత్తికి తెచ్చి కానుక ఇచ్చుడు ఆపించుండ్రి. ఉన్నదాన్ని బట్టే ఇయ్యాలె, లేనిదాన్ని బట్టి గాదని 2 కొరింథీ 8:12ల ఉంది. సంఘం దిక్కు నుంచి ఆ ఇంటికే పోవాలె: నెలకు సరిపడ బియ్యం, నూనె, పిల్లల ఫీజుల కొంత. యాకోబు 2:15-16 చదివి ప్రార్థన చేసి వట్టి చేతులతోని లేచి వచ్చుడు ఎట్ల కుదురుతది? సహాయ నిధి పెడితే ఇద్దరి సంతకం, నెలనెల లెక్క చదువుడు, తీసుకున్నోళ్ల పేరు బయట చెప్పకుండ ఉండుడు, ఈ మూడు తప్పద్దు. పేరు బయటకొస్తే మల్ల ఎవరూ అడగరు.

వాక్యపాఠం, హన్మకొండ:

కార్డుల గురించి మీరు అడిగినదానికి. బంద్ చేయొద్దు అక్కా. గోడమీద దేవుని మాట ఉండటం మంచిదే. పద్ధతి మార్చండి. చీటీ తీసినట్టు ఒక్కొక్కరికి ఒక్కో వచనం వస్తే, అది తన భవిష్యత్తు చెప్పే చీటీ అనుకోవడం సహజం. దానికి బదులు సంఘమంతటికీ ఒకే వచనం ఇవ్వండి. వెనకవైపు ఆ అధ్యాయం మొత్తం చదవమని రాయండి, దాని కింద ఎడమ, కుడి గడులు ఖాళీగా అచ్చువేయించండి. జనవరి మొదటి కూడికలో అందరూ కలిసి నింపండి. జూన్‌లో వానలు మొదలయ్యేముందు ఒకసారి, పత్తి ఏరుడు అయిపోయాక ఒకసారి అదే కార్డు తీసి మళ్లీ చదవండి. పెద్దవాళ్లకు అభ్యంతరం ఉండకపోవచ్చు, ఎందుకంటే మీరు తీసేస్తున్నది ఏమీ లేదు.

వరసగా ఆరు బుధవారాలు పెట్టుకుంటే యిర్మీయా 28-29, 13వ కీర్తన, యెషయా 38, అపొస్తలుల కార్యములు 27, ఫిలిప్పీ 4, 2 కొరింథీ 12 సరిపోతాయి. చివరిది తప్పనిసరి. పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు అడిగాడు, అది పోలేదు, "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది. విశ్వాసం తక్కువై ముల్లు పోలేదని పౌలుతో ఎవరూ అనలేరు. హెబ్రీ 11లో కూడా 33వ వచనం నుంచి చదివించండి. సింహాల నోళ్లు మూయించినవాళ్లూ, రంపాలతో కోయబడినవాళ్లూ ఒకే విశ్వాస జాబితాలో ఉన్నారు.

నర్సంపేట కూడిక:

వందనాలు అన్నా, వందనాలు అక్కా. ఈ బుధవారమే యిర్మీయా 28, 29 మొదలుపెడతం. శుక్రవారం ప్రార్థనకు ముందు షుగర్ గోలీలు వేసుకునేటోళ్లు ఎవరెవరు అని అడిగి వాళ్లకు పొద్దున ఉప్మా ఏర్పాటు చేస్తున్నం, చక్కెర డబ్బ గూడ మందిరంల పెడుతున్నం. 14416, 15100, 14448 మూడు నంబర్లు పెద్దగ రాసి తలుపు పక్కన అతికిస్తం. పురుగుమందు డబ్బాల గురించి రెండు ఇండ్లకు రేపు పొద్దున్నే పోతున్న, బుధవారం దాక ఆగ.